మందు సరే, కంచం సంగతేంటి? క్షయ గురించి జార్ఖండ్ చెప్పిన లెక్క

(ఆశా కార్యకర్తలు, ఏఎన్‌ఎంలు, నర్సింగ్ విద్యార్థుల కోసం జరిగిన సభలో చేసిన ప్రసంగం ఇది. రాలేకపోయినవాళ్ల కోసం రికార్డింగు విని టైపు చేశాం. తడబాట్లు మాత్రమే తీసేశాం.)

అందరికీ నమస్కారం. వెనక నిలబడ్డవాళ్లు ముందుకు రండమ్మా, ఇక్కడ కుర్చీలు ఖాళీగానే ఉన్నాయి. ఫ్యాను కింద కూడా ఉన్నాయి.

టీబీకి మన భాషలో పేరేమిటి? క్షయ. క్షయ అంటే తరిగిపోవడం. మనిషి తరిగిపోతాడు గనక ఆ పేరు. ఆ పేరు పెట్టినవాళ్లు సగం సంగతి సరిగ్గానే చూశారు. జబ్బు వస్తే మనిషి చిక్కిపోతాడు, అది సగం. చిక్కిపోయిన మనిషిని జబ్బు పట్టుకుంటుంది, అది మిగతా సగం. ఈ రెండో సగాన్ని మనం దాదాపు 60 ఏళ్లు పక్కన పెట్టేశాం. ఎందుకు పెట్టాం, ఇప్పుడెందుకు మళ్లీ చేతిలోకి తీసుకున్నాం, రేపు పొద్దున మీరు ఇంటింటికీ వెళ్లినప్పుడు దాంతో ఏం చేయాలి, ఇవాళ ఇదే మాట్లాడుకుందాం.

ముందు ఒక్క లెక్క. ఒక్కటే, విసిగించను. ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనాల ప్రకారం 2023లో 1 కోటి 8 లక్షల మంది టీబీతో జబ్బుపడ్డారు. పన్నెండున్నర లక్షల మంది చనిపోయారు. జబ్బుపడ్డవాళ్లలో నలుగురికి ఒకరు మన దేశంలోనే ఉన్నారు. ఇంతమందికి ఎందుకొచ్చింది? హెచ్‌ఐవీ అంటాం, షుగరు అంటాం, పొగ అంటాం. అన్నీ నిజమే. ఆ ఏడాది హెచ్‌ఐవీ ఖాతాలో పడ్డ కేసులు 6 లక్షల పైచిలుకు. షుగరు ఖాతాలో 4 లక్షల లోపు. పొగ ఖాతాలో 7 లక్షలు. మరి తిండి చాలకపోవడం ఖాతాలో? 9 లక్షల 60 వేలు. అన్నిటికంటే పైన ఉంది. మన గోడల మీది పోస్టర్లలో దగ్గేవాడి బొమ్మ ఉంటుంది, బీడీ బొమ్మ ఉంటుంది. ఖాళీ కంచం బొమ్మ ఎవరైనా చూశారా? నేను చూళ్లేదు.

తిండికీ క్రిమికీ సంబంధం ఏమిటి? టీబీ క్రిమి ఊపిరితో లోపలికి పోతుంది. పోయిన ప్రతివాడికీ జబ్బు రాదు, ఈ మాట గట్టిగా పట్టుకోండి. క్రిమి ఒంట్లో చేరిన పదిమందిలో జీవితకాలంలో జబ్బు వచ్చేది మహా అయితే ఒక్కరికి. మిగతావాళ్లలో ఏం జరుగుతుంది? ఊపిరితిత్తుల్లో మాక్రోఫేజ్ అనే కణం దాన్ని మింగుతుంది. మింగినా అది చావదు, మొండిది. అప్పుడు టీ కణాలు, అంటే జబ్బుతో పోరాడే ఒక రకం తెల్లకణాలు, వచ్చి చుట్టూ చేరి గోడ కట్టి, దాన్ని లోపలే బంధిస్తాయి. అంటే అది చచ్చిపోలేదు, జైల్లో ఉంది. జైలన్నాక రాత్రింబవళ్లు కాపలా ఉండాలి కదా? ఆ కాపలావాళ్లు తయారయ్యేది ప్రోటీన్‌తో, జింకుతో, విటమిన్లతో. తిండి తగ్గితే టీ కణాలు తగ్గుతాయి. అవి మాక్రోఫేజ్‌ను హుషారు చేయడానికి వదిలే ఇంటర్‌ఫెరాన్ గామా అనే పదార్థమూ తగ్గుతుంది. కాపలా పలచబడ్డాక ఖైదీ బయటికొస్తాడు. బీఎంఐ, అంటే ఎత్తుకు తగ్గ బరువు ఉందో లేదో చెప్పే లెక్క, ఒక్క పాయింటు పెరిగితే టీబీ వచ్చే ప్రమాదం సుమారు 14 శాతం తగ్గుతుందని చాలా దేశాల్లో చేసిన అధ్యయనాలను కలిపి చూసినప్పుడు తేలింది. హెచ్‌ఐవీ ఏ టీ కణాలను తినేస్తుందో, ఆకలీ వాటినే దెబ్బ తీస్తుంది. తేడా ఏమిటంటే ఆకలికి రక్తపరీక్ష అక్కర్లేదు, బరువు మిషన్ చాలు.

ఇది కొత్త సంగతేమీ కాదు. మన మదనపల్లె పక్కన ఆరోగ్యవరం శానటోరియం ఉంది, టీబీ రోగులను చేర్చుకోవడానికి కట్టిన, వందేళ్లు దాటిన ఆసుపత్రి. మందుల్లేని ఆ రోజుల్లో అక్కడ వైద్యం ఏమిటి? మంచి గాలి, విశ్రాంతి, కడుపునిండా తిండి. ఇంగ్లండ్‌లో 1918 నుంచి పాప్‌వర్త్ అనే చోట టీబీ రోగులకు ఒక ఊరే కట్టారు. కుటుంబంతో సహా అక్కడే ఉండొచ్చు, చేయగలిగినంత పని ఇస్తారు, జీతం ఇస్తారు, మంచి ఇల్లు, తిండి. తండ్రి దగ్గుతూనే ఉంటాడు, పిల్లలు ఆ ఇంట్లోనే పెరుగుతారు. ఆ పిల్లలకు క్రిమి అంటింది, చర్మపరీక్షలో తేలింది కూడా. జబ్బు మాత్రం చాలా తక్కువమందికి వచ్చింది. గుర్తు పెట్టుకోండి, అప్పటికి మందులు లేవు. రెండో ప్రపంచ యుద్ధం నాటి జర్మన్ శిబిరం సంగతి ఇంకా ఘోరం. ఒకే చోట బ్రిటిష్ ఖైదీలు, రష్యన్ ఖైదీలు. బ్రిటిష్‌వాళ్లకు రెడ్‌క్రాస్ పొట్లాలు అందేవి, రోజుకు సుమారు వెయ్యి కేలరీల అదనపు తిండి. రష్యన్లకు అవి అందలేదు. బ్రిటిష్‌వాళ్లలో టీబీ వందకు ఒకరి దగ్గర ఆగింది, రష్యన్లలో వందకు 15 దాటింది.

మరి ఇంత తెలిసీ ఎందుకు మరిచిపోయాం? ఇక్కడే మద్రాసు వస్తుంది.

1956లో మద్రాసులో ఒక పరిశోధన మొదలైంది. టీబీ చరిత్రలో అది మైలురాయి, అందులో సందేహం లేదు. అప్పుడు దేశంలో రోగులు లక్షల్లో ఉన్నారు, శానటోరియం మంచాలు వేలల్లో ఉన్నాయి. మరి మిగతావాళ్లను ఏం చేయాలి? వాలెస్ ఫాక్స్ అనే బ్రిటిష్ డాక్టరు నాయకత్వంలో 193 మంది పేద రోగులను తీసుకుని చీటీ వేసినట్టు రెండు భాగాలు చేశారు. సగం మంది శానటోరియంలో, సగం మంది ఇంట్లో. మందులు ఒకటే, ఐసోనియాజిడ్, పీఏఎస్, ఏడాది పాటు. శానటోరియంలో పాలు, గుడ్లు, విశ్రాంతి. ఇంట్లో ఇరుకు గదులు, ఎప్పటి అరకొర తిండే, కొందరికి పని కూడా తప్పలేదు. ఏడాది తర్వాత చూస్తే రెండు చోట్లా నయమైనవాళ్ల శాతం దాదాపు ఒకేలా ఉంది. శానటోరియంవాళ్లు బరువు ఎక్కువ పెరిగారు, అంతే. దాంతో ప్రపంచమంతా టీబీ వైద్యం ఇంటికి వచ్చేసింది. చాలా మంచి పని జరిగింది. ఇవాళ మీరు మాత్రలు పట్టుకుని ఇంటికి వెళ్తున్నారంటే అది మద్రాసు పుణ్యమే.

కానీ ఆ ఫలితాన్ని చదివినవాళ్లు ఇంకో మాట కూడా అనేసుకున్నారు. తిండితో పనిలేదు అని. మద్రాసు చెప్పిందేమిటి? మందు సరిగ్గా మింగితే మంచి తిండి లేకున్నా క్రిమి చస్తుంది అని. అంతే చెప్పింది. తిండి చాలకపోవడం వల్ల జబ్బు రాదని చెప్పిందా? చెప్పలేదు. ఆ ఇంట్లో మిగతావాళ్లకు తిండి పెడితే ఏమవుతుందో చూసిందా? చూడలేదు. అడగని ప్రశ్నకు జవాబు వచ్చేసిందనుకున్నాం. అలా 60 ఏళ్లు గడిచాయి.

ఆ ప్రశ్నను జార్ఖండ్‌లో అడిగారు. పరిశోధన పేరు రేషన్స్. పేరు చూడండి, మన రేషనే. మంగుళూరు యెనెపోయా మెడికల్ కాలేజీకి చెందిన అనురాగ్ భార్గవ, మాధవి భార్గవ, వాళ్ల బృందం చేశారు. 2019 ఆగస్టులో మొదలైంది. 4 జిల్లాలు, 28 టీబీ యూనిట్లు, 2,800 మంది రోగులు, వాళ్ల ఇళ్లలో ఉండే 10,345 మంది. మూడింట రెండు వంతులు ఆదివాసులే. మధ్యలో కోవిడ్ లాక్‌డౌన్లు పడ్డాయి, అయినా బియ్యం బస్తాలు ఇళ్లకు చేరాయి. ఫలితాలు 2023 ఆగస్టులో వచ్చాయి.

ఎలా చేశారో కాస్త నెమ్మదిగా చెప్తాను, ఎందుకంటే ఈ పరిశోధనలో తెలివంతా ఇక్కడే ఉంది. రోగులందరికీ నెలనెలా 10 కిలోల మూట. యూనిట్లను రెండు భాగాలు చేశారు, ఆ రెండు వైపులా రోగులందరికీ. రోగికి తిండి పెట్టకుండా చూస్తూ కూర్చోవడం న్యాయం కాదు గనక. మూటలో ఏముంది? 5 కిలోల బియ్యం, 3 కిలోల సత్తు, కిలోన్నర పాలపొడి, అర లీటరు నూనె, వాటితో పాటు విటమిన్ మాత్రలు. సత్తు అంటే వేయించిన శనగల పిండి, మన పుట్నాల పిండి అనుకోండి. రోజువారీ లెక్క కట్టండి. నెలకు 5 కిలోలంటే రోజుకు 165 గ్రాముల బియ్యం. సత్తు 100 గ్రాములు. పాలపొడి 50 గ్రాములు. నూనె మూడు నాలుగు చెంచాలు. మొత్తం కలిపితే 1,200 కేలరీలు, 52 గ్రాముల ప్రోటీన్. ఇది ఇంట్లో తినేదానికి అదనం. ఇంట్లో తినేదానికి బదులు కాదు.

ఇప్పుడు అసలు తేడా. సగం యూనిట్లలో రోగికి మాత్రమే మూట. మిగతా సగంలో ఇంట్లో ఉన్న ప్రతి పెద్ద మనిషికీ నెలకు 5 కిలోల బియ్యం, కిలోన్నర పప్పు, విటమిన్లు. పిల్లలకు అందులో సగం. అంటే తలకు రోజుకు 750 కేలరీలు, 23 గ్రాముల ప్రోటీన్. గుడ్డు లేదు, మాంసం లేదు, డబ్బా పొడులు లేవు. బియ్యం, పప్పు, అంతే.

ఏమైంది? రోగికి మాత్రమే ఇచ్చిన ఇళ్లలో 4,724 మందిలో 122 మందికి టీబీ వచ్చింది. ఇల్లంతటికీ ఇచ్చిన చోట 5,621 మందిలో 96 మందికి. వెయ్యికి 26 ఎక్కడ, వెయ్యికి 17 ఎక్కడ! వయసు, కాలం లాంటివన్నీ సరిచూసి లెక్క కడితే టీబీ 39 శాతం తగ్గింది. పరీక్షలో క్రిమి కనపడ్డ ఊపిరితిత్తుల టీబీ, అంటే పక్కవాళ్లకు అంటించే రకం, 48 శాతం తగ్గింది. 30 ఇళ్లకు రేషన్ ఇస్తే ఒక్కరికి జబ్బు రాకుండా ఆగుతోంది. పెద్దవాళ్లలో టీబీ రాకుండా నిలకడగా ఆపే టీకా ఇవాళ్టికి చేతిలో లేదు. అలాంటి చోట కిలోన్నర పప్పు ఈ పని చేసింది.

ఇంకో మాట, ఇది నా లెక్కలో చాలా ముఖ్యం. రోగికి మాత్రమే మూట ఇచ్చిన ఇళ్లలో ఆ రోగి ఒక్కడే తిన్నాడా? ఏ తల్లి అయినా పిల్లల ముందు కూర్చుని పాలు ఒక్కతే తాగుతుందా? ఎంతో కొంత పంచుకునే ఉంటారు. అంటే రెండు వైపుల మధ్య తేడా అసలు ఉండాల్సినదానికంటే తక్కువే కనపడి ఉండొచ్చు. మీ ఊళ్లో కూడా ఇదే జరుగుతుంది. రోగికి ఇచ్చిన పొట్లం ఆ వారంలోనే అయిపోతే కోప్పడకండి. ఆ ఇంట్లో ఎంతమంది ఉన్నారో లెక్కపెట్టండి.

రోగుల సంగతి చూద్దాం. చికిత్స మొదలుపెట్టే రోజున మగవాళ్ల సగటు బరువు 42.6 కిలోలు. ఆడవాళ్లది 36.1. ఎదిగిన మనుషులమ్మా, ఎనిమిదో తరగతి పిల్లలు కాదు. పదిమందిలో ఎనిమిది మంది బీఎంఐ 18.5 కంటే కింద, అంటే ఉండాల్సిన బరువు లేనివాళ్లు. ఆరుగురిలో ఒకరు 14 కంటే కింద, అంటే ప్రాణానికే ముప్పున్న స్థితి. వీళ్లలో మొదటి రెండు నెలల్లో బరువు 5 శాతం పెరిగినవాళ్లకు చావు ముప్పు 61 శాతం తక్కువగా కనపడింది. ఒక్క శాతం పెరిగినా 13 శాతం తక్కువ. అయితే కాస్త ఆగండి. ఇక్కడ అందరూ మూట తీసుకున్నవాళ్లే, పోల్చడానికి మూట లేని రోగులు లేరు. బాగా ముదిరినవాడు బరువు పెరగడు, చావూ వాడికే దగ్గర. కాబట్టి బరువు పెరగడమే కాపాడిందని పూర్తిగా అనలేం. కానీ మీ పనికి ఇది చాలు. రెండు నెలలైనా బరువు పెరగలేదంటే ఆ ఇంట్లో ఏదో తేడాగా ఉందని గంట మోగినట్టే.

ఇక మీ చేతిలో పనికి వద్దాం.

బరువు మిషన్. అడుగు ముందు ముల్లు సున్నా మీద ఉందో లేదో చూడాలి. నవ్వుతున్నారు, కానీ ఈ హాలు బయట ఉన్న మిషన్ ముల్లు కిలోన్నర దగ్గర ఉంది, పొద్దున చూశాను. 42 కిలోల మనిషికి 5 శాతం అంటే ఎంత? 2 కిలోల 100 గ్రాములు. మిషన్ తప్పే కిలోన్నర ఉంటే ఇంకేం తెలుస్తుంది? గట్టి నేల మీద పెట్టండి, చాప మీద వద్దు. చెప్పులు, శాలువా తీయించండి. ప్రతి నెలా అదే మిషన్. ఎత్తు అడిగి రాయొద్దు, మడమలు గోడకు ఆనించి నిలబెట్టి కొలవండి. బీఎంఐ ఫోన్‌లో కట్టేయొచ్చు. బరువును మీటర్లలో ఎత్తుతో ఒకసారి భాగించండి, వచ్చినదాన్ని మళ్లీ అదే ఎత్తుతో భాగించండి. 42ను 1.65తో, మళ్లీ 1.65తో. 15.4 వచ్చింది కదా? ఇది 16 కంటే కింద, తీవ్రమైన లోటు.

బరువు చూసే ముందు పాదాలు చూడండి. చీలమండ పైన ఎముక మీద బొటనవేలితో కొద్ది సెకన్లు అదిమి వదలండి. గుంట పడి అలాగే ఉందా? అది నీరు. ఆ మనిషి బరువులో నీటి బరువు కూడా కలిసింది, అసలు బరువు ఇంకా తక్కువ. పక్కనే తమిళనాడులో 2022 నుంచి టీబీ తేలిన రోజే ఐదు చూస్తున్నారు: బీఎంఐ, కాళ్ల వాపు, నిమిషానికి ఊపిరి ఎన్నిసార్లు, వేలికి పెట్టే మిషన్‌లో ఆక్సిజన్, ఆసరా లేకుండా నిలబడగలడా లేడా. బీఎంఐ 14 లేదా అంతకంటే తక్కువ ఉన్నా, ఊపిరి 24 దాటినా, ఆక్సిజన్ 94 కంటే తగ్గినా, నిలబడలేకపోయినా ఆసుపత్రిలో చేర్చాలా అని డాక్టరు వెంటనే చూడాలి. ఇందులో ల్యాబ్ పరీక్ష ఒక్కటీ లేదు, గమనించారా?

అలా బాగా ఎండిపోయినవాళ్లకు ఇంట్లో ఒక్కసారిగా తినిపించొద్దు. జాలితో చేసే పనే ప్రాణం మీదికి తెస్తుంది. చాలా రోజులు ఆకలితో ఉన్న ఒంట్లోకి ఒక్కసారి అన్నం, చక్కెర, గ్లూకోజు పడితే ఇన్సులిన్ ఎగదన్నుతుంది. రక్తంలో ఉన్న కాస్త ఫాస్ఫేటు, పొటాషియం కణాల్లోకి వెళ్లిపోతాయి. గుండె లయ తప్పుతుంది. అందుకే 14 కంటే తక్కువవాళ్లకు ఆసుపత్రిలోనే కొద్దికొద్దిగా మొదలుపెట్టి, బీ1 విటమిన్ ఇచ్చి, రక్తపరీక్షలు చూస్తూ పెంచుతారు.

మాత్రలు బరువును బట్టే. 35 నుంచి 49 కిలోలకు రోజుకు 3, 50 నుంచి 64కు 4. 47 కిలోలతో మొదలుపెట్టిన మనిషి 53కు వచ్చాడనుకోండి, సంతోషమే, కానీ ఇంకా మూడే మింగుతున్నాడు. ఆ సంగతి డాక్టరుకు చెప్పేదెవరు? బరువు రాసిన మీరే.

మొదటి వారాల్లో మాత్రలు పడక వికారం వస్తుంది. టీబీ మాత్రల్లో ఉండే రిఫాంపిసిన్ అనే మందు ఖాళీ కడుపున బాగా ఒంటబడుతుంది, కానీ కక్కేసిన మాత్ర అసలే ఒంటబడదు. అలాంటివాళ్లు డాక్టరుకు చెప్పి కాస్త తేలికగా ఏదైనా తిని వేసుకోవచ్చు. మూత్రం నారింజ రంగులో వస్తుంది, ముందే చెప్పండి, లేకపోతే రక్తమనుకుని మానేస్తారు. వాంతులు ఆగకపోయినా, కళ్లు పచ్చబడినా అది ఉత్త వికారం కాదు, కాలేయం దెబ్బతింటూ ఉండొచ్చు. ఆ పూటే ఆసుపత్రికి. ఒంట్లో తిండి లేనివాళ్లకు ఈ కాలేయం బెడద ఎక్కువ కూడా.

ఇక పత్యం. ఎంతమంది ఇళ్లలో విన్నారు? "మందులు వేడి, గుడ్డు పెట్టొద్దు. పప్పు వాతం. పెరుగు దగ్గు పెంచుతుంది." అన్నీ తీసేశాక మిగిలేదేమిటి? చారు, అన్నం. ఆ ఇంట్లో అత్తగారితో వాదించి గెలవలేరు, వద్దు కూడా. ఉన్నదాంట్లో సర్దండి. గుడ్డు వేడంటే మజ్జిగతో పాటు పెట్టమనండి. చారన్నంలో రెండు చెంచాల పుట్నాల పొడి, ఒక చెంచా నూనె కలపమనండి. కంచం నిండా చూస్తే తినబుద్ధి కాదు, కాబట్టి కొద్దికొద్దిగా ఐదారుసార్లు. జార్ఖండ్‌లో సత్తు ఎందుకు నడిచింది? అది వాళ్లకు చిన్నప్పటి నుంచి అలవాటు. ఇక్కడ సత్తు పొట్లం ఇస్తే అటక మీదికి పోతుంది. నా అభిప్రాయం ఏమిటంటే, బియ్యం మన రేషన్ షాపులో దొరుకుతున్నాయి, మన లోటు పప్పు దగ్గర. నిక్షయ మిత్రలుగా పొట్లాలు ఇచ్చే దాతలకు కూడా ఇదే చెప్పండి. బొమ్మల డబ్బాలు వద్దు, కందిపప్పు, పుట్నాలు, వేరుశనగలు, గుడ్లు చాలు అని.

ప్రభుత్వం ఇచ్చే నిక్షయ్ పోషణ్ డబ్బు 2018లో నెలకు 500తో మొదలై, 2024 నవంబరు నుంచి వెయ్యి అయింది. రోజుకు 33 రూపాయలు. అది ఒక్క మనిషికి. అయినా సమయానికి పడితే పప్పు, గుడ్డు వస్తాయి. పడకపోవడానికి మామూలు కారణం ఆధార్‌కు లింకు కాని ఖాతా, లేదా వాడక ఆగిపోయిన ఖాతా. గళ్ల (తెమడ) పరీక్ష ఫలితం చెప్పే రోజే పాస్‌బుక్ అడగండి. రెండో నెలలో అడిగితే లాభం లేదు, తిండి అవసరం మొదటి రెండు నెలల్లోనే ఎక్కువ.

ఇంట్లోవాళ్లకు తిండి ఇచ్చాం కదా అని పరీక్షలు మానకూడదు. అందరినీ దగ్గు, జ్వరం, బరువు తగ్గడం అడగాలి, ఎక్స్‌రే తీయించాలి, జబ్బు లేదని తేలినవాళ్లకు ముందుజాగ్రత్త మందు ఇప్పించాలి. వారానికోసారి చొప్పున 12 వారాల కోర్సు ఉంది, రోజూ ఐసోనియాజిడ్ 6 నెలల కోర్సూ ఉంది. తిండి వాటికి తోడు, వాటికి బదులు కాదు.

అడగండమ్మా. గట్టిగా. షుగరు ఉన్నవాళ్లకు ఏం పెట్టాలి అంటున్నారు. మంచి ప్రశ్న. ముందు టీబీ తేలిన ప్రతి ఒక్కరికీ షుగరు పరీక్ష చేయించాలి. ఉందని తేలితే అన్నం తగ్గించండి, మొత్తం తిండి తగ్గించొద్దు. తగ్గించిన అన్నం జాగాలో పప్పు, గుడ్డు, పుట్నాలు, కూర పెట్టండి. రాగిజావ మంచిదని గ్లాసులకు గ్లాసులు తాగిస్తారు, అదీ పిండే. ఇంకొకటి, రిఫాంపిసిన్ కొన్ని షుగరు మాత్రల పని తగ్గించేస్తుంది. టీబీ మందు మొదలైన రెండు మూడు వారాల్లో షుగరు మళ్లీ చూపించాలి, కొందరికి కొన్నాళ్లు ఇన్సులిన్ పడుతుంది. "తిండి ఎక్కువైంది, అందుకే షుగరు పెరిగింది" అని కంచం లాగేసుకుంటారు ఇంట్లోవాళ్లు. అలా లాక్కోనివ్వొద్దు, మాత్ర సంగతి డాక్టరును అడగమనండి.

మిగతా ప్రశ్నలు టీ దగ్గర చెప్పుకుందాం. వెళ్లేటప్పుడు ఆ బయట మిషన్ దగ్గర ఇద్దరిద్దరుగా ఆగండి. ముల్లు సున్నాకు తిప్పే చక్రం ముందువైపు కింద ఉంటుంది, తిప్పి చూసి వెళ్లండి.